పెండిల్ హిల్ నుంచి రిటర్న్ లోడ్‌లో

నాకు తెలిసిన తెలుగు కుటుంబాలు సిడ్నీ పడమటి శివారు పెండిల్ హిల్‌లో ఇల్లు ఖాళీ చేసేది ఎక్కువగా రెండే కారణాలకి. సొంతిల్లు కొనుక్కుని ఇంకా పడమటికి వెళ్ళిపోవడం ఒకటి, వీసా రెండోది. మాది రెండోది. 2019 నవంబరులో మొదలైన 491 వీసా చేతికొస్తే సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ కాకుండా ప్రాంతీయ ఆస్ట్రేలియాగా గుర్తించిన చోట కాపురం పెట్టాలి. ఐదేళ్ళ గడువులో కనీసం మూడేళ్ళు అక్కడ ఉండి, పని చేసి చూపిస్తేనే శాశ్వత నివాసానికి దరఖాస్తు. అడిలైడ్ అంత పెద్ద నగరం కూడా ఈ ప్రాంతీయ లెక్కలోకే వస్తుంది కాబట్టి మావాళ్ళు చాలామంది అటే బయల్దేరతారు.

అడిలైడ్ ఇక్కడికి దాదాపు 1,370 కిలోమీటర్లు. రెండు గదుల ఇంటి సామానుకి బండి మొత్తం మాట్లాడుకుంటే, ఆ డబ్బుతో అక్కడ సగం సామాను కొత్తది కొనుక్కోవచ్చు. అందుకే మాలాంటివాళ్ళకి దిక్కు బ్యాక్‌లోడింగ్. ఎవరి సరుకో దించి ఖాళీగా తిరిగి వెళ్ళాల్సిన ట్రైలర్‌లోనో, అటే పోతూ ఇంకా చోటు మిగిలిన ట్రైలర్‌లోనో మనకి కావలసినంత జాగా కొనుక్కోవడం. విజయవాడ ఆటోనగర్‌లో పెరిగినవాణ్ణి నేను. అక్కడ దీన్ని రిటర్న్ లోడ్ అంటారు. మా నాన్న లారీ ఆఫీసులో గుమాస్తా. కలకత్తాలో రిటర్న్ లోడ్ దొరక్క మా బళ్ళు రోజుల తరబడి ఆగిపోతే, ఇంట్లో ఆయన ముఖం చూసి తెలుసుకునేవాళ్ళం. ఖాళీ బండికీ డీజిల్ కావాలి, డ్రైవర్‌కి బత్తా కావాలి. ఆ ఖర్చే ఇక్కడ నలుగురు పంచుకుంటారు.

ట్రైలర్ పొద్దున్నే డన్‌మోర్ స్ట్రీట్‌కి వచ్చింది. ఈ వీధిలోనే బాండ్స్ వాళ్ళ నూలు మిల్లు ఉండేది. ఆస్ట్రేలియాలో బనియను అంటే బాండ్స్ అనేంత పేరు దానికి. 2009 ఫిబ్రవరిలో మాతృసంస్థ పసిఫిక్ బ్రాండ్స్ దేశంలోని ఫ్యాక్టరీలు మూసేస్తున్నామని, 1,850 ఉద్యోగాలు పోతాయని ప్రకటించింది. బతుకుతెరువు చోటు మారితే మనుషులు చోటు మారడం ఈ వీధి మా కంటే ముందే చూసింది.

డ్రైవర్ పంజాబీ. మా ఇద్దరికీ హిందీ కుదిరింది. ట్రైలర్ తలుపులు తీసేసరికి లోపల సగానికి పైగా నిండి ఉంది. బ్రిస్బేన్‌లో ఎక్కిన ఎవరిదో ఇల్లు, పెర్త్‌కి వెళ్తోంది. ఆఖర్న దిగేది ముందు ఎక్కాలి కాబట్టి అది లోపలి గోడకి ఆనుకుని ఉంది. దాని ముందు ప్లైవుడ్ అడ్డు, దాని మీద పసుపు పట్టీలు బిగించి ఉన్నాయి. అడ్డు పైనుంచి ఒక పిల్లల సైకిల్ హ్యాండిల్ కనిపించింది. ఆయన టేపు పెట్టి కొలిచి నేల మీద సుద్దముక్కతో గీత గీశాడు. "మీది ఇక్కడిదాకా, భాయీసాబ్."

బేరం అంతా ఘనపు మీటర్లలో. ట్రైలర్ వెడల్పునా, ఎత్తునా లెక్కేస్తే నేల మీద ఒక్క మీటరు పొడవుకి సుమారు ఆరు ఘనపు మీటర్లు వస్తాయి. మంచం, సోఫా, బీరువా అని ఇన్నాళ్ళూ పేర్లతో పిలుచుకున్నవాటిని కొలతల్లో చూడటం మా ఆవిడకి కష్టమైంది. "ఏవండీ, ఆ చెక్క బల్ల వదిలేద్దాం, అర మీటరు తింటోంది" అని చివరికి తనే అంది. బల్లని పక్కింటి కుర్రాడు తీసుకున్నాడు.

ఎక్కించడం ఇంత నేర్పున్న పని అని అంతవరకూ నాకు తెలియదు. బరువైనవి కింద, గోడ పొడవునా. పరుపులు నిలువుగా, రెండు అద్దాల సామాన్ల మధ్య. ఫ్రిజ్ ఎప్పుడూ నిలబెట్టే. ముందురోజే స్విచ్ తీసి, మంచు కరిగించి, తడి తుడిచి ఉంచాలి. వాషింగ్ మెషిన్ దగ్గరికి వచ్చి డ్రైవర్ మొదట అడిగింది "బోల్టులెక్కడ?" అని. కొత్త మెషిన్ వచ్చినప్పుడు లోపలి డ్రమ్ము ఊగకుండా వెనకవైపు నాలుగు పొడుగాటి బోల్టులు బిగించి ఉంటాయి. మెషిన్ వాడకంలోకి తెచ్చేటప్పుడు తీసేస్తాం. అవి మళ్ళీ బిగించకపోతే, స్ప్రింగులకి వేలాడే డ్రమ్ము 1,370 కిలోమీటర్లు గోడలకి కొట్టుకుంటూ వెళ్తుంది. మా ఆవిడ వాటిని కవర్లో కట్టి మెషిన్ మాన్యువల్‌తో దాచింది. మోకాళ్ళ మీద కూర్చుని ఆయన ఒక్కో బోల్టూ స్పానర్‌తో బిగించి, డ్రమ్ములో చెయ్యి పెట్టి ఊపి చూసి, కదలట్లేదని తేలాకే లేచాడు. వెట్ గ్రైండర్ రాళ్ళు విడిగా తీయించి, ఒక్కోదాన్నీ దుప్పట్లో చుట్టించాడు. సందు కనబడ్డ ప్రతిచోటా దిండో, బట్టల మూటో దూర్చాడు. "జాగా ఉంటే కదులుతుంది, కదిలితే పగులుతుంది" అన్నాడు. ప్రతి వస్తువుకీ నంబరు స్టిక్కరు, ఆ నంబరు ఎదురుగా కాగితంలో గీతలూ సొట్టలూ ఎక్కడున్నాయో రాసుకున్నాడు. మా ఇత్తడి బిందె సొట్ట కూడా అందులోకెక్కింది.

కరివేపాకు చెట్టు మాత్రం ఎక్కలేదు. మొక్కలు ఎక్కించుకోమని ముందే చెప్పారు. రాష్ట్రం దాటించే మొక్కలకి నిబంధనలు వేరే ఉన్నాయి, పైగా కరివేపాకుది నిమ్మ, నారింజల కుటుంబం. తొట్టితో సహా ఎదురింటి జాఫ్నా ఆంటీ వాకిట్లో పెట్టాం. ఆవిడ అప్పుడే నాలుగు రెబ్బలు తుంచి మా దారి పులిహోరలోకిచ్చింది.

ట్రైలర్ ముందు వెళ్ళింది, మేము కారులో వెనక. హ్యూమ్ హైవే ఎక్కాక గౌల్‌బర్న్, యాస్, గుండగై. ఇవన్నీ అందరూ ఆగి ఫొటోలు తీసుకునే ఊళ్ళు, మేము ఆగలేదు. ఆగింది టార్కటాలో. అడిలైడ్ వెళ్ళే స్టర్ట్ హైవే చీలిక దాటి కాస్త ముందుకెళ్ళాలి, అయినా వెళ్ళాం. సిడ్నీకీ మెల్‌బోర్న్‌కీ ఇంచుమించు నడిమధ్య ఊరిది. రెండువైపుల నుంచీ వచ్చిన డ్రైవర్లు ఇక్కడ ట్రైలర్లు మార్చుకుని ఎవరి ఇంటికి వాళ్ళు తిరిగి వెళ్తారు. ఊళ్ళో లారీ డ్రైవర్ల స్మారకం ఉంది. పనిలో ప్రాణం పోయినవాళ్ళ పేర్లు గోడ మీద చెక్కి ఉన్నాయి. పేర్లు చదువుతూ నిలబడితే నాకు ఆటోనగర్ గుర్తొచ్చింది. అక్కడ రోడ్డు మీద పోయిన డ్రైవర్లూ క్లీనర్లూ ఎంతమందో, వాళ్ళ పేర్లు రాసిన గోడ నేనెక్కడా చూడలేదు. ఉండి తీరాలి.

ఇక్కడి చట్టం ప్రకారం ఒంటరి డ్రైవర్ మామూలు పద్ధతిలో 24 గంటల్లో 12 గంటలకి మించి పని చేయకూడదు. ఆ 24 గంటల్లోనే బండి ఆపి ఏడు గంటలు ఏకబిగిన విశ్రాంతి తీసుకోవాలి, అంతా వర్క్ డైరీలో రాయాలి. మా డ్రైవర్ ఆ రాత్రి నరాండెరా దగ్గర ఆగుతానన్నాడు. సామాను ఒక రోజు ఆలస్యమైతే చికాకుపడేవాళ్ళు ఈ లెక్క తెలుసుకుంటే బాగుంటుంది. ఆ ఏడు గంటల నిద్ర మన సామానుకీ, ఎదురొచ్చే బండిలోని పిల్లలకీ కూడా రక్ష.

నరాండెరా దాటాక చెట్లు తగ్గి, హే మైదానం మొదలవుతుంది. కంటికి ఆనే గట్టు గానీ గుట్ట గానీ లేదు. సాల్ట్‌బుష్ పొదలు, ఆకాశం, మధ్యలో రోడ్డు. హే ఊళ్ళో పాత రైల్వే స్టేషన్ దగ్గర రైలు పెట్టెల్లో ఒక మ్యూజియం ఉంది. అది డునేరా వాళ్ళది. హిట్లర్ నుంచి పారిపోయి ఇంగ్లండు చేరిన యూదుల్ని 1940లో బ్రిటిష్ ప్రభుత్వం శత్రుదేశీయులని పట్టుకుని డునేరా అనే ఓడలో కుక్కి పంపేసింది. ఓడ సెప్టెంబరులో సిడ్నీ చేరింది, అక్కణ్ణించి రైల్లో వాళ్ళని ఈ మైదానానికి తెచ్చి ముళ్ళకంచెలో పెట్టారు. దారిలో కాపలా సైనికులు వాళ్ళ పెట్టెలు పగలగొట్టి దోచుకున్నారు, కొన్ని సముద్రంలోకి విసిరేశారు. అంతమంది పండితులు, సంగీతకారులు, చిత్రకారులు చాలావరకు కట్టుబట్టలతో దిగారు. క్యాంపులో తరగతులు పెట్టుకున్నారు. 1941లో సొంత నోట్లు కూడా అచ్చు వేసుకున్నారు, నోటు అంచు చుట్టూ ముళ్ళతీగ బొమ్మ. అది చూసి బయటికొచ్చాక, ఫోన్లో ఉన్న మా సామాను జాబితా మళ్ళీ తీసి చూశాను. బిందె సొట్టతో సహా అన్నీ రాసిపెట్టిన ఆ కాగితం ఎంత గౌరవమో అప్పుడు తెలిసింది.

మిల్‌డ్యూరా దగ్గర ముర్రే నది దాటి, కాసేపు విక్టోరియాలో నడిచి, సౌత్ ఆస్ట్రేలియా గడపలో యాంబా తనిఖీ కేంద్రం. రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది, కార్లూ లారీలూ అన్నీ ఆగాలి. అవతల రివర్‌లాండ్ అంతా నారింజ, ద్రాక్ష తోటలు. పండు ఈగ కాయలో గుడ్లు పెడుతుంది, పురుగు లోపల పెరిగి పైకి బాగున్న కాయని కుళ్ళబెడుతుంది. 2020 డిసెంబరులో రెన్‌మార్క్ వెస్ట్‌లో అది బయటపడింది. పండు ఈగ భయం వల్లే పచ్చిమిరపకాయ, టమాటా, మామిడికాయ ఏదీ తీసుకుపోకూడదు. డిక్కీ తెరిపించి, ఐస్‌పెట్టె మూత తీయించి చూసింది ఆఫీసరమ్మ. ఆవకాయ సీసాకీ, పులిహోర గిన్నెకీ అడ్డు చెప్పలేదు. తోటలమీద బతికే ఊళ్ళవాళ్ళ కోసం ఈ మాత్రం ఆగడం న్యాయమే అనిపించింది.

రెండు రోజుల తర్వాత ట్రైలర్ అడిలైడ్ మాసన్ లేక్స్‌లోని మా కొత్త వాకిట్లోకి వచ్చింది. పట్టీలు విప్పుతుంటే సామాను ఎక్కించిన వరసకి తలకిందులుగా దిగింది. నంబర్లు చదువుతూ మా ఆవిడ టిక్కులు పెట్టింది. ఒక స్టీలు ర్యాకు కాలు వంగింది, అది కూడా డ్రైవరే చూపించి కాగితంలో రాశాడు. ఫ్రిజ్‌ని కొన్ని గంటలు అలా నిలబెట్టి ఉంచాకే స్విచ్ వేయమని చెప్పాడు. మేము ఖాళీ చేసిన చోటులోకి మర్నాడు పొద్దున్నే సాలిస్‌బరీలో ఇంకో ఇల్లు ఎక్కాలట, అదీ పెర్త్‌కే. "వాళ్ళూ మీ భాషవాళ్ళే, కాస్త మాట్లాడండి, నా హిందీ వాళ్ళకి అంతగా అందట్లేదు" అని ఫోన్ కలిపిచ్చాడు. వరంగల్ కుటుంబం. ట్రైలర్ పెర్త్ చేరేది వాళ్ళ తర్వాత అయితే చంటిపిల్ల ఉయ్యాల సంగతేమిటని అడిగింది ఆవిడ. కారులోనే పెట్టుకోమన్నాను. పశ్చిమ ఆస్ట్రేలియా సరిహద్దులో తేనె కూడా తీసేసుకుంటారు కాబట్టి వంటింటి పెట్టెలు టేపు వేసే ముందు ఒకసారి చూసుకోమన్నాను. డ్రైవర్‌కి ఫోన్ తిరిగిచ్చేలోపు ఆవిడ భర్త లైన్లోకి వచ్చి, వాషింగ్ మెషిన్ గురించి అడగడం మొదలుపెట్టాడు.