కోతికి ఎవరూ పెళ్ళి చెయ్యమనరు

క్షీరదాల్లో నెలసరి వచ్చేవి చాలా తక్కువ. మనం, చింపాంజీలు, కోతులు, కొన్ని గబ్బిలాలు, ఇంకో ఒకటీ రెండు చిన్న ప్రాణులు. ఎదకొచ్చిన కుక్కలో కనబడే రక్తం వేరే సంగతి. మామూలు ఎలుకకి నెలసరే లేదు. అందుకే ఎండోమెట్రియోసిస్ మీద పరిశోధన చెయ్యాలంటే, దాని గర్భసంచి ముక్కని కోసి పొట్టలో అతికించి, లేని జబ్బుని తెప్పించాలి. ఆడ రీసస్ కోతికీ, బబూన్‌కీ ఆ శ్రమ అక్కర్లేదు. మనకి వచ్చినట్టే దానంతటదే వస్తుంది.

గర్భసంచి లోపలి పొరలాంటిదే బయట, అండాశయాల మీదో పేగుల మీదో పెరగడం ఈ జబ్బు. నెలనెలా అక్కడా రక్తం ఊరుతుంది. లోపలి అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. నాకున్నది ఇదే. దీని పేరు తెలియడానికి ఏడేళ్ళు పట్టింది. మొదటి డాక్టరుగారు "పెళ్ళయితే సర్దుకుంటుందమ్మా" అన్నారు. రెండో ఆవిడ టెన్షన్ తగ్గించుకోమన్నారు. అమ్మ వాము నీళ్ళు కాచిచ్చి, "ఆడపుట్టుక పుట్టాక తప్పుతుందా" అంది.

కోతిని ఎవరూ అలా అనరు. ఆ రోజుల్లో అది తిండి మానేసి, నడుం వంచుకుని మూల కూర్చుంటే చూసేవాళ్ళు రాసుకుంటారు. పశువుల డాక్టరు పొట్ట తడిమి చూస్తాడు, స్కాన్ తీస్తాడు. దానికి నోరు లేదు కాబట్టి ఒంటిని నమ్మక తప్పదు. నాకు నోరుంది. అదే వచ్చిన చిక్కు.

అలాగని కోతి అదృష్టం ఏమంత గొప్పది కాదు. చాలావాటిలో ఈ జబ్బు బయటపడేది చచ్చాక, కోసి చూసినప్పుడే. 1960లలో అమెరికా వైమానిక దళం, అంతరిక్షంలోని రేడియేషన్ ఏం చేస్తుందో తెలుసుకోడానికి రీసస్ కోతుల మీద ప్రోటాన్ కిరణాలు వదిలింది. ఏళ్ళ తర్వాత చూస్తే ఆడవాటిలో 53 శాతానికి ఎండోమెట్రియోసిస్. నన్ను పట్టుకున్నది మాత్రం పక్కనున్న అంకె: ఏ కిరణాలూ తగలనివాటిలోనూ 26 శాతం.

అడవిలో ఆడకోతి బతుకు చాలావరకు కడుపుతోనో, పిల్లకి పాలివ్వడంతోనో గడుస్తుంది. బోనులో ఏళ్ళ తరబడి నెలసరి ఆగకుండా వస్తుంది. జబ్బుకి అదో కారణం కావచ్చంటారు. అంటే మొదటి డాక్టరు మాటే నిజమా? కాదు. కాన్పు మందు కాదు. పైగా సిజేరియన్ లాంటి ఆపరేషన్ అయిన కోతుల్లో ముప్పు ఇంకా పెరిగింది.

ఆ 26 శాతం కోతులకి ఆఫీసు టెన్షన్ లేదు, పెళ్ళి వాయిదా వెయ్యలేదు. జబ్బు మాత్రం ఉంది. నొప్పి నీ బుర్రలోనే ఉందనేవాళ్ళకి ఇకమీదట నేను చూపించే సాక్షులు వాళ్ళే.