అవ్వ నేర్పిన బొమ్మలు

పిల్లలూ, ఆస్ట్రేలియా నడిమి ఎడారిలో పాపున్య అనే ఊరున్నది. 1971లో అక్కడి బడిలో జెఫ్రీ బార్డన్ అనే పంతులు ఉండేవాడు. ఆయన ప్రోత్సాహంతో ఆదివాసి పెద్దలు బడిగోడ మీద తమ తేనెచీమల కథను బొమ్మగా వేశారు. పొట్టలో తేనె దాచుకునే చీమలవి. తరవాత ఆ బొమ్మ మీద రంగు పూసేశారు. ఆ గోడను తలుచుకుంటే బడిపంతులునైన నాకు ప్రాణం ఉసూరుమంటుంది. 1972లో ఆ పెద్దలు పెట్టుకున్న చిత్రకారుల సంఘం మాత్రం నేటికీ ఉన్నది.

మా మనుమరాలు అడిలైడ్‌లో చదువుతున్నది. నిరుడు అక్కడ ఒక ఎడారి అవ్వ దేశదేశాల విద్యార్థులకు బొమ్మలు నేర్పుతుంటే నేనూ వెళ్ళి కూర్చున్నాను. అవ్వ ఇసుకలో లాడం ఆకారం గీసి, "ఇదేమిటి?" అన్నది. ఎవరికీ తెలియలేదు. మనిషి బాసింపట్టు వేసుకుని కూర్చుని లేస్తే ఇసుకలో పడే గుర్తట అది! ఒకదానిలో ఒకటిగా గీసిన సున్నలు నీటిగుంట కావచ్చు, విడిది కావచ్చు.

ఒక కుర్రవాడు గోడమీది పటం చూసి వేయబోయాడు. అవ్వ వారించింది.

"అది మా నాన్నవాళ్ళ కథ, నాయనా. అడగకుండా ఎవరూ వేయకూడదు. నీ ఊరు వెయ్యి."

మా మనుమరాలు మా ఊరి చెరువునూ, గట్టు మీద నలుగురినీ వేసింది. "వీళ్ళెవరు?" అని అవ్వ అడిగింది. పిల్ల మూడు పేర్లు చెప్పి, నాలుగో పేరు కోసం నావైపు చూసింది.