పోని మరకల పద్దు

పండగో పెళ్లో దగ్గరపడితే తప్ప ఇంటి ముందరి బండల మీదికి మన చూపు పోదు. వానాకాలంలో పట్టిన పాచి ఎండి నల్లబడి, కుండీల స్టాండు కింద తుప్పు చారలు దిగి, తులసికోట చుట్టూ దీపాల నూనె ఇంకి ఉంటుంది. అప్పుడు మిషనుతో కడిగేవాళ్లకు ఫోన్ చేస్తాం. అటునుంచి ‘ఎన్ని ఎస్సెఫ్టీ?’ అంటారు. ఇటునుంచి ‘ఎస్సెఫ్టీకి ఎంత?’ అంటాం. ఆ రెండు అంకెలూ చేతికి రాగానే బేరం మొదలవుతుంది. అది ఏ రాయి, దాని మీద ఉన్నది ఏ మరక అన్న సంగతి ఇద్దరికీ తట్టదు. కొలతను రేటుతో గుణిస్తే బిల్లు వస్తుంది. అంచనా కావాలంటే మాత్రం ఎవరో ఒకరు వచ్చి, వంగి, ఆ బండను వేలితో తడిమి చూడాలి. అలా చూసినవాడికి ఏది పోతుందో తెలిసినట్టే ఏది పోదో కూడా తెలుస్తుంది. ఆ పోనిదాన్ని ముందే కాగితం మీద పెట్టినవాడికే పని అప్పజెప్పాలన్నది నా వాదన.

రాయి సంగతి ఎందుకంటే, మన వాకిళ్లలో ఎక్కువగా పరిచే తాండూరు బండా కడప బండా సున్నపురాయి జాతివి. కిరాణా కొట్లో సీసాల్లో దొరికే యాసిడ్ నాలుగు చుక్కలు వాటి మీద పడితే బుసబుసమని నురగ లేస్తుంది. చూసేవాళ్లకు మురికి పొంగుతున్నట్టే ఉంటుంది గానీ, అక్కడ కరుగుతున్నది రాయే. ఆ పూటకు బండ తెల్లగా మెరిసినట్టుంటుంది. ఆరాక నునుపు పోయి గరుకు తేలుతుంది, ఆ గరుకులో మర్నాటి దుమ్ము ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. సందుల్లో పెట్టిన సిమెంటు కూడా అదే యాసిడ్‌కు తినుకుపోతుంది. గ్రానైట్ అయితే ఆ నాలుగు చుక్కలకు ఉలకదు. కాబట్టి ఒకే మందు పక్కింట్లో అక్కరకొచ్చి మనింట్లో కొంప ముంచవచ్చు. రాయి పేరు లేని అంచనా రోగి ముఖం చూడకుండా రాసిన మందుచీటీ లాంటిది.

ఇక మరకలు. బండను దగ్గరగా చూస్తే అవి మూడు రకాలు. దుమ్ము, ఎర్రమట్టి, పాచి పైన పట్టినవి. నీటి ఒత్తిడికి లేచిపోతాయి. అయితే పాచి మొదళ్లు చావకపోతే మళ్లీ వానకు మొలుస్తాయి. రెండో రకం లోపలికి ఇంకినవి. తులసికోట దగ్గర ఏళ్ల తరబడి కారిన నూనె రాయి రంధ్రాల్లోకి దిగి ఉంటుంది. దాన్ని నీళ్లు తోడలేవు. నూనె పీల్చే ముద్దను పూసి, ఎండనిచ్చి, గీకి, మళ్లీ పూయాలి. అప్పటికీ నీడలాంటి మచ్చ మిగలొచ్చు. మూడో రకంలో రాయే మారిపోయి ఉంటుంది: ఎవరో పోసిన యాసిడ్ తిన్న చోటు, బరువైన సామాను ఈడ్చిన గీత. వాటిని కడగడమనే మాటే లేదు, పాలిష్ పట్టాలి. వీటి పక్కనే తెల్లగా పూసే ఉప్పు ఇంకో తలనొప్పి. కింది తేమ ఉప్పును మోసుకొచ్చి పైన వదిలి ఆరిపోతుంది. ఎక్కడి పైపు కారుతోందో, నేల వాటం ఎటుందో చూడకుండా దాన్ని కడిగితే ఆ నీళ్లే మళ్లీ ఉప్పు పూయిస్తాయి. ‘ఇక జన్మలో రాదండీ’ అనేవాడికి అడ్వాన్స్ ఇచ్చే ముందు ఆలోచించుకోవడం మంచిది.

మంచి అంచనాలో చిల్లర విషయాలకూ చోటుంటుంది. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పున్న వాకిలి 300 చదరపు అడుగులు. నాలుగడుగుల వెడల్పున ఐదు మెట్లుంటే, ఒక్కో మెట్టుకు పైన అడుగూ ముందు అరడుగూ లెక్కేసినా మరో 30 చదరపు అడుగులు. అంటే పదోవంతు. అది లెక్కలో ఉందో లేదో ముందే తేలితే చివర్లో పేచీ ఉండదు. ఇళ్లలో వాడే చిన్న మిషన్లు నిమిషానికి ఆరేడు లీటర్ల నీళ్లు తాగుతాయి. మూడు గంటల పనికి వెయ్యి లీటర్లు దాటుతుంది. ఎండాకాలంలో ఆ నీళ్లు ఎవరివి? మందు కలిసిన నీళ్లు కరివేపాకు మొదట్లోకి పోతాయా, ఇంకుడు గుంతలోకి దిగుతాయా? పేవర్ బ్లాకులైతే సందుల్లోంచి లేచిపోయిన ఇసుకను మళ్లీ ఎవరు నింపుతారు? పైపూత వేస్తామంటే దానికి వేరే పద్దు, బండ పూర్తిగా ఆరడానికి గడువు రాసి ఉండాలి. తేమ మీద వేసిన పూత పాలిపోయి మసకేస్తుంది. జీఎస్టీ కలుపుతుంటే నమోదు నంబరు ఉందో లేదో చూసుకోవాలి; నమోదు లేనివాళ్లకు ఆ పన్ను వసూలు చేసే హక్కు లేదు.

రెండు వేల పనికి ఇంత రామాయణం అక్కర్లేదని, యాసిడూ బ్లీచింగూ తెచ్చి పనిమనిషికిస్తే సరిపోతుందని అనేవాళ్లున్నారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మిగిలిన డబ్బును ఆమె ఊపిరితిత్తుల ఖాతాలో రాయడం న్యాయం కాదు. పనివాళ్ల వైపు నుంచి వచ్చే అభ్యంతరం మరింత బరువైనది: దిగితే గానీ లోతు తెలియదు, ముందే ఎలా చెప్పగలమని. నిజమే. అందుకే ఓ మూల రెండడుగుల మేర కడిగి చూపించమనాలి. అరగంటలో తేలుతుంది. అప్పటికీ తెలియనిదాన్ని తెలియదనే రాయొచ్చు; పని మధ్యలో ఖర్చు పెరిగేలా ఉంటే ముందు అడుగుతామని ఒక వాక్యం చేర్చొచ్చు. పోని మరకల పేర్లు చెబితే గిరాకీ పోతుందన్న భయం కూడా అబద్ధం కాదు, అన్నీ పోగొడతానన్నవాడి వైపే మనం మొగ్గుతాం గనక. ఆ మొగ్గు మనది. నిజం చెప్పినవాడికి పని ఇవ్వకుండా పంపి, అబద్ధం చెప్పినవాడితో సాయంత్రం వాకిట్లో గొడవ పడితే తప్పు ఒక్క వైపుదే అనలేం. అంచనా కాగితం చేతికొచ్చినప్పుడు కింది మొత్తం కన్నా ముందు తులసికోట దగ్గరి నూనె మరక కోసం వెతకండి. ఆ మరక కాగితంలో ఉంటే, వచ్చినవాడు వంగి చూశాడన్నమాట.