చిట్టి బండ్లు - చిక్కని నూనె

పసిఫిక్ సముద్రపు చల్లగాలి తగిలే ఇర్వైన్ పట్టణం నుంచి ఈశాన్యంగా సుమారు నలభై మైళ్ళు పోతే రివర్‌సైడ్ వస్తుంది. శాంటా అనా కొండల సందులోంచి 91వ నంబరు రహదారి ఆవలికి దిగగానే గాలి మారిపోతుంది. సముద్రపు చలవ వెనక్కి పోయి, మన రాయలసీమను తలపించే పొడివేడి ముఖాన కొడుతుంది. కొండలు కూడా అలాగే బోడిగా, గోధుమరంగుగా వుంటాయి. ఒకప్పుడు ఈ ఊరికి నారింజతోటలే ప్రాణం. ఎలిజా టిబెట్స్ అనే ఆవిడ 1873లో తెచ్చి పెంచిన గింజల్లేని నారింజ మొక్కల్లో ఒకటి ఇప్పటికీ బతికి వున్నది. తెగులు సోకకుండా దానికి తెర కప్పి, ఇంటి పెద్దను చూచుకొన్నట్లు చూచుకొంటున్నారు.

వచ్చినవారు ఆ చెట్టును చూచి, ఊరి నడుమనున్న మిషన్ ఇన్ అనే పాత హోటలు ముందు ఫోటో దిగి వెళ్ళిపోతారు. కిందటి మార్చి నెలలో నేను అక్కడికి పోయింది మాత్రం మట్టి చూడడానికి. మా మేనల్లుడు ఆటబండ్ల పందెంలో పాల్గొంటున్నాడు. అక్కయ్య, బావగారు, బావగారి తండ్రి, నేను, వెనక సీటునిండా పనిముట్ల పెట్టెలు - అదీ మా పటాలం.

ఆటబండ్లంటే తాడు కట్టి లాగేవని పాఠకులు అనుకోకూడదు. ఇవి రేడియోతో నడిచే బగ్గీలు. అసలు కారులో ఎనిమిదో వంతు కొలతకు చేసినవి. పొడవు అర మీటరు, బరువు మూడున్నర కిలోలు. కొన్నింటికి బాటరీ మోటారు వుంటుంది. కొన్నింటికి నిమ్మకాయంత ఇంజను. ఆ ఇంజనుకు పోసే ఇంధనంలో చాలామంది ఆముదం కూడా కలుపుతారు. మన పాలమూరు మెట్టపొలాల్లో పండే ఆముదం ఇలా బొమ్మబండి ఇంజన్లో పొగై పోవడం నాకు వింతగా తోచింది. నాలుగు చక్రాలకూ శక్తి అంది, గంటకు అరవై కిలోమీటర్లు దాటి పరిగెత్తి, మట్టిదిబ్బల మీదినుంచి మనిషి ఎత్తున ఎగిరి దూకుతాయి. నడిపేవాళ్ళు మన జొన్నచేలో మంచె వంటి దానిమీద వరుసగా నిలబడి మీటలు నొక్కుతుంటారు. తమ పందెం ముగిసినవాళ్ళు దిగివచ్చి, తరవాతి పందెంలో బోర్లాపడ్డ బండ్లను ఎత్తి నిలబెడతారు. ఈ మర్యాద నాకు నచ్చింది.

ఈ మట్టిపందేలకు దక్షిణ కాలిఫోర్నియా పుట్టిల్లు వంటిది. ఇక్కడి అసోసియేటెడ్ సంస్థ 1984లో తెచ్చిన ఆర్‌సి10 అనే బగ్గీ ఆట రూపే మార్చివేసింది. పదో వంతు బగ్గీల ప్రపంచ పోటీ మొట్టమొదట 1985లో ఇక్కడే, డెల్ మార్‌లో జరిగింది. తరవాత జపాను దేశస్థుడు మసామి హిరోసాకా వచ్చి, తన జీవితంలో మొత్తం పధ్నాలుగు ప్రపంచ బిరుదులు ఎగరవేసుకుపోయాడు.

ఇక మా కథలో ముఖ్యమైన మనిషి బావగారి తండ్రి. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై అయిదేళ్ళు లారీల షెడ్డు నడిపినవాడు. భార్య పోయాక కొడుకు ఇక్కడికి తీసుకువచ్చాడు. వచ్చి ఏడు నెలలైనా ఇంట్లో రోజుకు నాలుగు మాటలకన్న ఎక్కువ మాట్లాడడం లేదట. మనవడికి తెలుగు అర్థమవుతుంది గాని నోరు తిరగదు. తాతగారికి ఇంగ్లీషు రాదు. ఇద్దరూ ఒకరినొకరు చూచి నవ్వుకోవడంతోనే సరి. "పెద్దాయన ఇక్కడ ఇమడడు. జూన్‌లో తిరిగి పంపించేద్దామనుకొంటున్నాం. అక్కడ మాత్రం ఎవరున్నారు?" అని అక్కయ్య దారిలో నా చెవిలో అన్నది.

పొద్దున చలి బాగానే వుంది. ట్రాకుకు గొట్టాలతో నీళ్ళు కొట్టారు. తడిమట్టి పిడచగట్టి చక్రాలను బాగా పట్టుకొంటున్నది. మావాడి బండి మొదటి పందెంలో సాఫీగానే పోయింది. పదకొండు గంటలయ్యేసరికి ఎండ ముదిరి, మట్టి ఆరి, పైన సన్నని దుమ్ము తేలింది. రెండో పందెంలో ప్రతి మలుపులోనూ బండి తోక విసిరింది. రెండుసార్లు వెల్లకిలా పడింది కూడా. పిల్లవాడు ముఖం ముడుచుకొని వచ్చి బండి విప్పాడు. పెట్టెలోనుంచి చిన్న చిన్న నూనెసీసాలు తీసి వరుసగా పెట్టాడు. 1000, 2000, 3000, 5000, 7000 అని వాటిమీద అంకెలు.

తాతగారు కుర్చీలోనుంచి లేచి వచ్చి బండిలోకి తొంగిచూచారు. "ఏం మాస్టారూ, ఇది డిఫరెన్షియల్ కాదుటండీ?" అన్నారు నాతో. ఆయన గొంతు ఆ రోజు అదే మొదటిసారి వినడం.

డిఫరెన్షియల్ సంగతి తెలియనివారికి ఒక మాట. మన ఎడ్లబండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం దొర్లుతుంది. రెండూ ఇరుసుమీద వేటికవి తిరుగుతాయి గనుక చిక్కులేదు. మోటారు బండిలో రెండు చక్రాలనూ ఒకే ఇంజను తిప్పాలి. అందుకని నడుమ పళ్ళచక్రాల అమరిక ఒకటి పెట్టి, శక్తి రెండువైపులా అందుతూనే వేగాల్లో తేడా వుండేటట్లు చేస్తారు. దీనికి ఒక లోపం వున్నది. ఏ చక్రానికి పట్టు తక్కువో శక్తి అంతా దానికే దోచిపెడుతుంది. గాలిలోకి లేచిన చక్రం గిర్రున తిరుగుతుంటే, నేలమీది చక్రం చూస్తూ ఊరుకుంటుంది.

ఈ బగ్గీలో అటువంటివి మూడు వున్నాయి: ముందొకటి, వెనకొకటి, ముందువెనకలకు శక్తి పంచేందుకు మధ్యనొకటి. ప్రతిదీ మూత బిగించిన చిన్న డిబ్బీ. అందులో సిలికోన్ నూనె పోస్తారు. నూనె ఎంత చిక్కనైతే లోపలి పళ్ళు అంత బరువుగా కదులుతాయి, రెండువైపుల వేగాల తేడాను అంతగా అడ్డుకొంటాయి. సీసామీది అంకె ఆ చిక్కదనానికి కొలత. గదివేడిలో నీళ్ళది ఒకటి, ఆముదానిది సుమారు వెయ్యి. మావాడి వెనక డిబ్బీలో వున్నది మూడువేలు, అంటే మూడు ఆముదాల పెట్టు!

నేనిదంతా తెలుగులో చెబితే తాతగారు పగలబడి నవ్వారు. "మా లారీల్లో నూనె పోసేది పళ్ళు అరక్కుండా. మీరు పోసేది పళ్ళు తిరక్కుండానా?" అని మూడువేల సీసాలోనుంచి ఒక చుక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, సాగదీసి చూచారు. "ఇది పలచనరా నాన్నా. చిక్కనిది పొయ్యి."

పిల్లవాడు నావైపు చూచి, "పలచన అంటే?" అన్నాడు. చెప్పాను. చిక్కన, జిగట, బంక అన్న మాటలు కూడా చెప్పాను. పాతికేళ్ళుగా తెలుగు పాఠాలు చెబుతున్నాను గాని, మాట విన్న మరుక్షణం దానిని పనిలో పెట్టిన విద్యార్థిని నేను చూడలేదు.

"కాదు తాతయ్యా, పలచన కావాలి" అన్నాడు వాడు.

తాతగారు ఊరుకోలేదు. దివిసీమ రేగడిలో కూరుకుపోయిన లారీ కథ ఎత్తుకొన్నారు. ఒక చక్రం గిరగిరా తిరుగుతుంటే రెండోది కదలలేదట. ఆ రాత్రి డిఫరెన్షియల్ బిగుసుకుపోయివుంటే లారీ బయటపడేదని ఆయన వాదం. పిల్లవాడు శ్రద్ధగా విని, నేలమీద వేలితో మలుపు గీచి, సగం ఇంగ్లీషు సగం తెలుగుతో జవాబు చెప్పాడు. కూరుకుపోయిన బండి తిన్నగా బయటికి రావాలి, దానికి రెండు చక్రాలూ కలిసి తిరిగితే మంచిదే. కాని మలుపులో వున్న బండికి అలా కాదు. వెనక నూనె మరీ చిక్కనైతే రెండు చక్రాలూ జతకట్టినట్లయి బండిని తిన్నగా తోస్తాయి. నేల జారుడుగా వున్నప్పుడు పట్టు తప్పి తోక విసురుతుంది. తడిమట్టి గట్టిగా పట్టుకొన్నప్పుడు చిక్కన చెల్లుతుంది, దుమ్ములో పలచన కావాలి.

తాతగారు ఆ గీతను చాలాసేపు చూచారు. "సరే, వాడు చెప్పింది న్యాయం" అన్నారు. వెంటనే వేలు చూపించి, "ఒక్కసారి ఒక్కటే మార్చు. రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు" అన్నారు. ఇది ముప్ఫై అయిదేళ్ళ షెడ్డు మాట.

వెనక మూడువేలు తీసి రెండువేలు పోశారు. పోసే పద్ధతి కూడా వున్నది. పాతనూనె పూర్తిగా తుడవాలి. పళ్ళ అరుగుదలతో అది బూడిదరంగుకు తిరుగుతుంది. కొత్తది అడ్డకడ్డీలు మునిగేవరకే పోసి, బుడగలు పైకి తేలేదాకా ఆగాలి. నిండుగా పోస్తే వేడికి ఉబ్బి సీళ్ళు దాటి కారుతుంది. ఒక కంపెనీ అంకె మరొక కంపెనీ అంకెతో అచ్చంగా సరిపోకపోవచ్చు గనుక ఒకే కంపెనీ నూనె వాడడం మేలు.

మూడో పందెంలో తోక విసరడం తగ్గింది. కాని చివరి నిమిషాల్లో మరో చిక్కు. మలుపు దాటి ఒక్కసారిగా వేగం అందుకొనేటప్పుడు ముందు చక్రాలు ఉత్తినే గిర్రున తిరిగి, బండి ముందుకు సాగలేదు. పిల్లవాడు ముందు డిబ్బీ విప్పబోతుంటే తాతగారు ఆపి, మధ్య డిబ్బీమీద చెయ్యి వేశారు. చురుక్కుమన్నది. "వేడికి నూనె నీళ్ళయిపోయింది. ఎండాకాలం మేము తొంభై నూనె తీసి నూట నలభై పోసేవాళ్ళం" అన్నారు. సిలికోన్ నూనె మామూలు నూనెలంతగా పలచబడదు గాని, పలచబడకుండా వుండదు. మధ్య డిబ్బీలో నూనె వదులైతే శక్తి తేలికపడ్డ ముందు చక్రాలకు పారిపోతుంది. మనవడు ఒక క్షణం ఆలోచించి, మధ్యన అయిదువేలు తీసి ఏడువేలు పోశాడు. ముందు అయిదువేలు కదపలేదు.

చివరి పందెంలో పన్నెండు బండ్లు. మావాడిది అయిదోదిగా వచ్చింది. కప్పూ లేదు, బహుమతీ లేదు. బండి ఒక్కసారి కూడా బోర్లాపడలేదు. తాతగారు కంచె పట్టుకొని నిలబడి, "పలచన! పలచన!" అని కేకలు పెడుతుంటే పక్కనున్న తెల్లదొరసాని ఒకావిడ అది మా పిల్లవాడి పేరనుకొని తనూ అరిచింది.

నూనె ఎన్నుకోవాలనుకొనే కుర్రవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. అయిదువేలు, అయిదువేలు, మూడువేలుతో మొదలుపెట్టండి. నేల జారితే వెనక పలచన చెయ్యండి, పట్టు ఎక్కువైతే చిక్కన చెయ్యండి. మలుపులోకి పోయేటప్పుడు ముందుభాగం నిలకడ తప్పితే ముందుది చిక్కన చెయ్యండి. బండి తిరగనని మొరాయిస్తే పలచన చెయ్యండి. ఎండ ముదిరితే మధ్యదానిని తాకి చూడండి. ఒక్కసారి ఒక్కటే మార్చి, రాసిపెట్టుకోండి.

ఆ రాసిపెట్టడం ఇప్పుడు తాతగారి వంతు. నేను తిరిగివచ్చేనాటికి ఒక నోటుబుక్కు మొదలుపెట్టారు. తేదీ, ఎండ, నేల, మూడు నూనెలు, ఫలితం - అన్నీ ఆయన తెలుగులోనే. అది చదవడానికి మనవడు అక్షరాలు నేర్చుకొంటున్నాడు. జూన్ ప్రయాణానికి టిక్కెట్టు కొనలేదని అక్కయ్య ఉత్తరం రాసింది.