కూత వినిపించండి బాబూ!

మా నాన్నగారు కుర్రతనంలో అవనిగడ్డ దగ్గర ఇసకలో చెడుగుడు ఆడినవారు. ఇప్పుడు గుడివాడలో మా దగ్గరే ఉంటున్నారు. చూపు పోయింది. అయినా, 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలై తెలుగు టైటాన్స్ బరిలోకి దిగింది లగాయతు, ఆట ఉన్న రాత్రి టీవీ ఆయనదే. నవ్వకండి, చెడుగుడు సగం చెవితో చూసే ఆట సుమండీ!

టీవీవాళ్ళు చేసిన మేలు కాదనను. 30 సెకన్ల గడియారం తెరమీద పెట్టారు. వరసగా రెండు కూతలు వట్టివైతే మూడోది చావో రేవో అన్నారు. క్రికెట్టు తప్ప ఎరగని మా బందరావిడ కూడా వంట మానేసి చూస్తోంది. అమెరికాలో ఐస్ హాకీ బిళ్ళ కంటికి ఆనడం లేదని 1996లో ఫాక్స్ టీవీవాళ్ళు తెరమీద దాని చుట్టూ నీలికాంతి పెట్టారు. 1998 దాకా నడిపి మానేశారు. వాళ్ళ బాధ కనబడకపోవడం. మా నాన్నగారిది వినబడకపోవడం.

వ్యాఖ్యానం, వాద్యాలు, ఈలల మధ్య కూత మునిగిపోతుంది. "ఒరే, వాడికి ఊపిరుందా?" అంటారు. నేను చెప్పేలోగా పట్టేస్తారు.

మొన్న విసిగి టీవీ కట్టేయించారు. "నువ్వు పెట్టరా కూత!" అన్నారు. యాభై దాటినవాణ్ణి, హాల్లో "చెడుగుడు చెడుగుడు" అంటూ వెళ్ళాను. పడక్కుర్చీలోంచే చటుక్కున నా మణికట్టు దొరకబుచ్చుకున్నారు.

విడిపించుకోలేకపోయాను. నిజం చెప్పొద్దూ, విడిపించుకోవాలనిపించలేదు.