రెండు బావులు

పరిశోధన ప్రయోగశాలలో పుడుతుంది. కాని పరిశోధకుడు తాను కనుగొన్నదానిని మరొకరు చదివి, పరీక్షించి, ఔననో కాదనో చెప్పగలిగే రూపంలో కాగితం మీద పెట్టినప్పుడే అది శాస్త్రమవుతుంది. అంతవరకు అది ఒక మనిషి మనసులోని నమ్మకం మాత్రమే. నమ్మకానికీ శాస్త్రానికీ నడుమ ఉన్న ఆ కాగితపు వంతెనను వ్రాతప్రతి అంటారు. దానిని కట్టడంలో ఎంత ఓర్పు కావాలో, ఎంత నిజాయతీ కావాలో, ఒక పరిశోధక విద్యార్థిని ఆబిడ్స్, నాంపల్లి వీధులలో నేర్చుకొన్నది.

అది 1983 జనవరి మాసం. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ జరుగుతున్నది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు కొందరు పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా ప్రారంభించిన ఆ ప్రదర్శన, తరువాత ఈ మైదానానికి తరలివచ్చి, నగరానికి ఏటేటా వచ్చే పండుగగా మారింది. సాయంత్రమైతే జనం బారులు తీరి అటు నడుస్తారు. వారికి ఎదురీదుతున్నట్లుగా, చంకన ఒక అట్ట దస్త్రంతో, ఆ విద్యార్థిని స్టేషన్ రోడ్డు వెంట నడిచేది. ఆ దస్త్రంలో ఆమె మూడేండ్ల శ్రమ ఉన్నది.

ఆమెది నల్లగొండ జిల్లా. ఆమె మేనత్తకు నలభై ఏండ్లు నిండకముందే నడుము బిగిసి వంగిపోయింది. ఊరిలోని పిల్లల పండ్లపై గోధుమరంగు చారలు. అది ఎవరి పాపమూ కాదు, నీటిలోని ఫ్లోరైడు చేసిన పని. 1937లో షార్ట్ అనే వైద్యశాస్త్రవేత్త, ఆయన సహచరులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు ప్రాంతంలో ఈ వ్యాధిని గుర్తించి లోకానికి తెలిపారు. నీటిలో సున్నము, పటిక కలిపి ఫ్లోరైడును తగ్గించే ఒక పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించినప్పుడు, దానికి పెట్టిన పేరు 'నల్లగొండ పద్ధతి'. ఒక జిల్లా కష్టం పేరిట ఒక శాస్త్ర విధానం వెలసిందన్నమాట. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. తన ఊరి చుట్టుపట్ల ఉన్న బావులలో అది ఎంత ఉన్నదో కొలిచి చెప్పాలని ఆ విద్యార్థిని సంకల్పించింది. గౌలిగూడ బస్టాండులో ఎక్కి, సీసాల సంచితో పల్లెలు తిరిగి, నలభై రెండు బావుల నీటిని తెచ్చి పరీక్షించింది.

కొలతలు పూర్తయ్యాయి. ఇక వ్యాసం రాయాలి. పత్రికవారి 'రచయితలకు సూచనలు' చదివినప్పుడు ఆమెకు అది ఏదో సర్కారు కచేరీ నిబంధనావళిలా తోచింది. కాగితానికి ఒకవైపే టైపు చేయాలి. పంక్తికీ పంక్తికీ నడుమ రెట్టింపు ఎడం ఉండాలి. నాలుగు వైపులా అంగుళం అంచు విడవాలి. పట్టికలు వేరే కాగితాలపై ఉండాలి. పటాలను ట్రేసింగ్ కాగితంపై ఇండియన్ ఇంకుతో గీయాలి. మూల ప్రతికి తోడు రెండు నకళ్లు పంపాలి. ఇంత తంతు ఎందుకని ఆమె విసుగుపడింది.

ఆమె ఆచార్యులు నవ్వి, ఒక్కొక్క నియమం వెనుక ఉన్న అర్థాన్ని విడమరచి చెప్పారు. పంక్తుల నడుమ ఎడం పరీక్షకుని కలం కోసం. అంచులు అచ్చు కూర్చేవాని గుర్తుల కోసం. 'ప్రవేశిక' ఏ ప్రశ్న అడిగారో చెబుతుంది. 'పద్ధతులు' అన్న భాగం ఏమి చేశారో చెబుతుంది. అది చదివి మరొకరు అదే పని మళ్లీ చేయగలగాలి. 'ఫలితాలు' కనబడినదానిని చెబుతాయి. 'చర్చ' దాని అర్థమేమిటో యోచిస్తుంది. చూసినదానిని, ఊహించినదానిని వేర్వేరు గదులలో ఉంచడమే ఈ కూర్పులోని కీలకం. 1665లో లండన్ రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' పత్రికను ప్రారంభించిన నాటికి ఇటువంటి విభజన లేదు, పరిశోధనలు ఉత్తరాల రూపంలోనే అచ్చయ్యేవి. అనుభవం నేర్పగా నేర్పగా ఈ నాలుగు గదుల ఇల్లు ఏర్పడింది.

స్టేషన్ రోడ్డు నుంచి చీలిన ఒక సందులో వరుసగా టైపు దుకాణాలు ఉండేవి. కోర్టు కాగితాలు, ఉద్యోగపు దరఖాస్తులు, సిద్ధాంత గ్రంథాలు అన్నీ అక్కడే రూపం దాల్చేవి. వాటిలో ఒక దుకాణంలో నెరసిన జుట్టుతో, ముక్కుమీదికి జారిన కళ్లద్దాలతో ఒక వృద్ధుడు కూర్చునేవాడు. ఆయన రసాయనశాస్త్రం చదువుకోలేదు. అయినా సూత్రాలలోని చిన్న అంకెలను రోలరును అరవరుస తిప్పి ఎంతో పొందికగా దించేవాడు. కార్బన్ కాగితాలు పెట్టి ఒకేసారి మూడు ప్రతులు కొట్టేవాడు. ఒక్క అక్షరం తప్పితే మూడింటినీ దిద్దవలసిందే. అందువల్ల ఆయన కొట్టడానికి ముందే ప్రతి పుటను ఒకసారి నిదానంగా చదివేవాడు.

ఒక శనివారం సాయంత్రం ఆమె ప్రతి కోసం వెళ్లింది. సోమవారం ఆబిడ్స్ పెద్ద తపాలా కార్యాలయంలో దానిని రిజిస్టరు చేయాలి. వ్యాసాన్ని పంపినట్లు ఆ నెలాఖరులోగా రసీదు చూపితేనే ఆమె పరిశోధక వేతనం మరికొన్నాళ్లు పొడిగింపబడుతుంది. ఆ సంగతి ఆమెకే గాక, ఆమె పంపే డబ్బు కోసం ఊరిలో ఎదురుచూసే తల్లికి కూడా తెలుసు.

వృద్ధుడు కాగితాలు ఆమె ముందు పెట్టి, కళ్లద్దాలు సవరించుకొని అన్నాడు:

"అమ్మా, వ్యాసంల నలభై రెండు బావులని రాసినవు. పట్టికల లెక్క పెడితే నలభైయే ఉన్నయి. రెండు బావులు ఎటు పోయినయి? నేనేమన్న ఇడిసిపెట్టిన్నా?"

ఆమె గుండె గుభిల్లుమన్నది. విడిచిపెట్టినది ఆయన కాదు. నలభై బావుల కొలతలు ఇంచుమించు ఒకే తీరుగా ఎక్కువగా వచ్చాయి. రెండు బావుల కొలతలు మాత్రం చాలా తక్కువగా వచ్చాయి. పటం గీసేటప్పుడు ఆ రెండు చుక్కలు చక్కని గీతకు దూరంగా, వెలివేసినట్లు కనబడ్డాయి. 'కొలతలో పొరపాటై ఉంటుంది' అనుకొని ఆమె వాటిని పటంలోనూ పట్టికలోనూ చేర్చలేదు. 'పద్ధతులు' భాగంలోని సంఖ్యను మాత్రం మార్చడం మరచిపోయింది.

"తప్పు మీది కాదు సార్" అన్నది ఆమె నెమ్మదిగా.

"అయితే నలభై అని కొట్టాల్నా? ఒక్క నిమిషం పని" అన్నాడాయన, కలం అందుకొంటూ.

ఒక్క నిమిషం పనే. నలభై రెండును నలభై చేస్తే వ్యాసం నిర్దోషంగా కనబడుతుంది. సోమవారం తపాలాకు చేరుతుంది. ఎవరికీ తెలియదు. ఆమె జవాబు చెప్పలేక, కాగితాలు తీసుకొని బయటకు నడిచింది.

దారిలో గోల్డెన్ త్రెషోల్డ్ కనబడింది. ఎడింబరో విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రంలో డాక్టరు పట్టం పొంది, హైదరాబాదుకు వచ్చి, నిజాం కళాశాలకు ఆద్యుడైన అఘోరనాథ చట్టోపాధ్యాయుల ఇల్లు అది. ఆయన కుమార్తె సరోజినీ నాయుడు 1905లో వెలువరించిన కవితా సంపుటి పేరే ఆ ఇంటికి నిలిచింది. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం తొలి అడుగులు వేసింది ఆ ప్రాంగణంలోనే. ఆ సమీపంలోని గన్‌ఫౌండ్రీలోనే 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం అద్దె భవనాలలో పాఠాలు మొదలుపెట్టింది. ఎందరో విద్యార్థులు ఈ బాటన కాగితాలు మోసుకొని నడిచి ఉంటారు. వారిలో ఎందరికి ఇటువంటి నిమిషం ఎదురైందో అని ఆమె అనుకొన్నది.

మరునాడు ఆమె ఆచార్యుల ఇంటికి వెళ్లి ఉన్నదున్నట్లు చెప్పింది. ఆయన కోపగించలేదు. బీరువాలోంచి ఒక పాత వ్యాసం నకలు తీసి ఆమె చేతిలో పెట్టారు. 1897 డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన రోనాల్డ్ రాస్ వ్యాసం అది. ఆ సంవత్సరం ఆగస్టు 20న, సికిందరాబాదు సమీపంలోని బేగంపేటలో, రాస్ ఒక దోమ కడుపులో మలేరియా జీవి ఆనవాళ్లను చూశాడు. ఆ శోధనకే 1902లో ఆయనకు నోబెల్ బహుమానం లభించింది.

"శీర్షిక చదువమ్మా" అన్నారు ఆచార్యులు.

మలేరియా రక్తం తాగిన రెండు దోమలలో కనబడిన వింతైన రంగు కణాలను గురించి అని ఆ శీర్షిక భావం.

"చూశావా? మలేరియా రహస్యం ఛేదించానని ఆయన రాయలేదు. రెండు దోమలని రాశాడు. రెండే చూశాడు గనుక రెండని చెప్పాడు. ఆ దోమ శాస్త్రీయనామం ఆయనకు తెలియదు. తెలిసినట్లు నటించక, దాని రూపురేఖలను కనబడినట్లు వర్ణించాడు. తన కన్ను ఒక్కటే చాలదని, స్మిత్ అనే మరొక వైద్యునికి ఆ కణాలను చూపించి, ఆయన సాక్ష్యాన్ని వ్యాసానికి జోడించాడు. ఆయన రెండు దోమలను దాచలేదు. నీవు రెండు బావులను దాచవచ్చునా?"

ఆమె తల వంచుకొన్నది. ఆ సోమవారం తపాలా కార్యాలయానికి బదులు గౌలిగూడ బస్టాండుకు వెళ్లింది.

రెండు బావుల నీటిని మళ్లీ తెచ్చి, మళ్లీ కొలిచింది. మొదటి బావి కొలత ఈసారి తక్కిన బావుల వలెనే ఎక్కువగా వచ్చింది. తొలిసారి నమూనా పట్టడంలోనో, సీసాలోనో పొరపాటు జరిగిందని తేలింది. రెండవ బావి కొలత మాత్రం మునుపటివలెనే తక్కువగా వచ్చింది. ఆ బావి చెరువు కట్ట కింద ఉన్నది. చెరువు నీరు ఊరి అందులో కలుస్తుండడం చేత ఫ్లోరైడు పలచబడి ఉండవచ్చునని ఆమెకు తోచింది. దానిని 'ఫలితాలు'లో కాక, 'చర్చ'లో, ఊహగానే రాసింది. మొదటి బావి కొలతలు రెండింటినీ ఇచ్చి, తొలి కొలతను ఎందుకు విడిచిపెట్టవలసి వచ్చిందో పట్టిక కింద రెండు పంక్తులలో తెలిపింది. పటం మళ్లీ గీసింది. చక్కని గీతకు దూరంగా ఒక చుక్క మిగిలే ఉన్నది.

వృద్ధుడు మళ్లీ టైపు చేశాడు. పట్టికలోని వరుసలను వేలితో లెక్కపెట్టి, "ఇగ సరిపోయినయమ్మా" అన్నాడు. మారిన పుటలకు డబ్బు తీసుకోలేదు.

వ్యాసం ఫిబ్రవరి రెండవ వారంలో తపాలాకు చేరింది. గడువు దాటింది. వేతనం పొడిగింపు రాలేదు. ఆమె నారాయణగూడలో పిల్లలకు పాఠాలు చెప్పి ఆ మాసాలు నెట్టుకొచ్చింది. ఊరికి డబ్బు పంపలేని నెలలలో తల్లికి రాసిన ఉత్తరాలు పొట్టివయ్యాయి. నిజం చెప్పినవారికి వెంటనే మేలు జరుగుతుందన్న హామీ ఏ శాస్త్రమూ ఇవ్వలేదు.

నాలుగు మాసాల తరువాత సంపాదకుని నుంచి ఉత్తరం వచ్చింది. పరీక్షకులలో ఒకరు భాషా దోషాలు ఎత్తిచూపారు. మరొకరు ఆ చక్కని గీతను గురించి ఒక్క మాటైనా అనలేదు. ఆయన అడిగినదంతా దూరాన ఉన్న ఆ ఒక్క చుక్కను గురించే. ఆ బావి లోతెంత? చెరువుకు ఎంత దూరం? వేసవిలో కొలత మారుతుందా? ఆమె మళ్లీ సీసాల సంచి భుజాన వేసుకొన్నది. సవరణల తరువాత వ్యాసం అచ్చయింది. అంతకన్న ముందే ఆమె తన ఊరివారికి ఒక మాట చెప్పింది, పిల్లలకు తాగడానికి చెరువుకట్ట కింది బావి నీళ్లే తెమ్మని. మేనత్త వంగిన నడుము నిటారు కాలేదు. ఆ వ్యాధికి అటువంటి మందు లేదు. కాని ఇంటిలోని చిన్నపిల్లల కుండలో నీరు మారింది.

నేడు కార్బన్ కాగితాలు లేవు. పటాలు కంప్యూటరు గీస్తుంది. వ్రాతప్రతి ఇంటి నుంచే క్షణంలో సంపాదకునికి చేరుతుంది. పని తేలికైన కొద్దీ ప్రలోభాలు కూడా తేలికయ్యాయి. సరైన పరీక్ష లేకుండానే డబ్బు తీసుకొని వ్యాసాలు ప్రచురించే పత్రికలు పుట్టుకొచ్చాయి. హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ పరిశోధకులను మోసగించిందని 2019లో అమెరికా న్యాయస్థానం ఒకటి నిర్ధారించి, అయిదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు చెప్పింది. అంచులు, అక్షరాలు, పంక్తుల ఎడం అన్నీ సక్రమంగా ఉండి కూడా ఒక వ్యాసం అబద్ధం కాగలదు. అందుకే రూపాన్ని దిద్దుకొనే ప్రతి విద్యార్థి, కంప్యూటరు అడగని ఆ ప్రశ్నను తనను తాను అడుగవలసి ఉన్నది. నాంపల్లి సందులో ఒక వృద్ధుడు కళ్లద్దాలు సవరించుకొంటూ అడిగిన ప్రశ్న అది:

"రెండు బావులు ఎటు పోయినయి?"