వేలంపాటలో నేను చూడనిది

డిస్నీలాండ్‌లోని ‘పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్’ రైడ్‌లో ఆడవాళ్ళని వేలం వేసే ఘట్టాన్ని మార్చేస్తున్నామని 2017లో ప్రకటన వచ్చినప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఆ మంట చల్లారకముందే ఇక్కడి తెలుగు సంఘం సావనీరుకి ఒక వ్యాసం రాసి పంపాను. వేశారు. కొందరు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు. వాల్ట్ డిస్నీ దగ్గరుండి చేయించింది యాభై ఏళ్ళుగా చెక్కుచెదరకుండా ఉందనీ, ఇన్నాళ్ళూ ఎవరికీ లేని అభ్యంతరం ఇప్పుడే పుట్టుకొచ్చిందనీ అందులో రాశాను. రెండూ తప్పే. కనుక్కోవడానికి ఒక సాయంత్రం పట్టే సంగతుల్ని కనుక్కోకుండానే రాశాను.

సినిమాలు మాత్రమే చూసినవాళ్ళ కోసం చెబుతున్నాను. 2003లో వచ్చిన జానీ డెప్ సినిమాకి మూలం ఈ రైడే. కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో ఉన్న డిస్నీలాండ్‌లో 1967 మార్చిలో మొదలైంది. అప్పటికి వాల్ట్ డిస్నీ పోయి మూడు నెలలు. పడవలో కూర్చుంటే చీకట్లోకి జారి, సముద్రపు దొంగలు దోచుకుంటున్న ఊరి మధ్యలోంచి వెళ్తాం. వేలం ఘట్టాన్ని రూపొందించింది డిస్నీ చిత్రకారుడు మార్క్ డేవిస్. కదిలే పడవలో ఉన్నవాడికి దొరికేది కొన్ని క్షణాలే కాబట్టి చూపు ఎక్కడ పడాలో ముందే తేల్చుకుని బొమ్మల్ని నిలబెట్టేవాడాయన. అందుకే అందరి కళ్ళూ వయ్యారంగా నిలబడ్డ ఎర్రజుట్టు అమ్మాయి మీదే ఉండేవి. తాగిన దొంగలు ఆవిడే కావాలని గోల చేస్తుంటే, వేలం వేసేవాడు ముందు ఒక లావుపాటి ఆవిడని అంటగట్టాలని చూసేవాడు. పడవంతా నవ్వులు. నేనైతే డైలాగులు ముందే అప్పజెప్పేవాణ్ణి.

కాలిఫోర్నియాలో కాపురమున్న తెలుగువాళ్ళకి జీతం లేని ఉద్యోగం ఒకటుంటుంది. ఊరి నించి వచ్చిన చుట్టాలందరినీ డిస్నీలాండ్ తిప్పాలి. అలా ఒకసారి మా పెద్దమ్మ పక్కన కూర్చుంది.

“ఆడపిల్లల్ని అమ్ముతున్నారేంట్రా?” అంది.

“తమాషాకి పెద్దమ్మా. దొంగలు కదా.”

“మరి వెనకాల వాళ్ళని తాళ్ళతో కట్టేశారే?”

పడవ ముందుకెళ్ళిపోయింది. అన్నిసార్లు ఎక్కానా, నాకు తాళ్ళు గుర్తే లేవు. తర్వాత వెళ్ళినప్పుడు పనిగట్టుకుని చూశాను. ఎర్రజుట్టు అమ్మాయి వెనక వరసలో ఆడవాళ్ళున్నారు, తాడూ ఉంది. అయినా నాకు బుద్ధి రాలేదు. పైగా పెద్దమ్మ మాటని నా వ్యాసంలో వాడుకున్నాను, మనవాళ్ళకి హాస్యం ఒంటబట్టదనడానికి ఉదాహరణగా. పేరు రాయకుండా “ఊరి నించి వచ్చిన ఒక పెద్దావిడ” అన్నాను. మా అమ్మ ఆ సావనీరు తీసుకెళ్ళి ఆవిడకే చూపించింది. పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, బాగా రాశాడు అందట. ఆ మెప్పు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత అమెరికా అట్టుడుకుతున్నప్పుడు అదే డిస్నీలాండ్‌లోని స్ప్లాష్ మౌంటెన్ రైడ్‌ని కూడా మార్చేస్తామన్నారు. నేను రెండో వ్యాసానికి కూర్చున్నాను. ఈసారి తారీఖులు సరిచూసుకుందామని పుస్తకాలు తిరగేశాను. అదే నా కొంప ముంచింది.

పైరేట్స్‌లో మొదట ఆడవాళ్ళ వెంటపడి తరిమే దొంగల బొమ్మలుండేవి. 1997లో ఆ ఆడవాళ్ళ చేతుల్లో తిండి పళ్ళేలు పెట్టి, దొంగలు తిండి కోసం పరిగెడుతున్నట్టు మార్చారు. నేను అమెరికా వచ్చింది ఆ తర్వాత. 2006లో జాక్ స్పారో బొమ్మల్ని చొప్పించారు. అప్పుడు నేను చప్పట్లు కొట్టాను, పాతది పాడైందని ఒక్క మాట అనలేదు. ఇంకా వెనక్కి వెళ్తే, అది అసలు పడవ ప్రయాణమే కాదు. నడుస్తూ చూసే మైనపు బొమ్మల ప్రదర్శనగా మొదలుపెట్టి, మధ్యలో మార్చుకున్నారు. నేను కాపాడతానని బయల్దేరింది వాల్ట్ డిస్నీ చేతిపనిని కాదు. నేను మొదటిసారి చూసిన రోజుని.

స్ప్లాష్ మౌంటెన్ సంగతి ఇంకా విచిత్రం. అది 1989లో వచ్చింది. దాని వెనక ఉన్నది ‘సాంగ్ ఆఫ్ ది సౌత్’ అనే 1946 నాటి సినిమా. బానిసత్వం పోయాక కూడా పాత దొరల తోటలో నల్లవాళ్ళు హాయిగా పాడుకుంటున్నట్టు చూపించిన సినిమా అది. విడుదలైన ఏడాదే నల్లవాళ్ళ హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ అభ్యంతరం చెప్పింది. అందులో కథలు చెప్పే అంకుల్ రీమస్ వేషం వేసిన జేమ్స్ బాస్కెట్ అట్లాంటాలో జరిగిన మొదటి ప్రదర్శనకి వెళ్ళలేకపోయాడు. అప్పట్లో అక్కడ తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ వేరు చట్టాలు. ఇన్నాళ్ళూ ఎవరికీ లేని అభ్యంతరమా? వాళ్ళు చెప్పారు, నాలాంటివాళ్ళం వినలేదు. రైడ్ కట్టినవాళ్ళకీ ఆ ఇబ్బంది తెలుసు. అంకుల్ రీమస్‌ని లోపలికి రానివ్వలేదు. ఆయన కథల్లో కుందేలు అతుక్కుపోయే తారుబొమ్మ స్థానంలో తేనెతుట్టె పెట్టారు. అంటే, ముట్టుకోవద్దని నేను అడ్డం పడబోయింది అప్పటికే ఒకసారి దిద్దిన ప్రతికి.

అయితే ఇందులో ఒక చిక్కుంది. ఆ కుందేలు కథలు దొరలవి కావు. అమెరికాలో బానిసలుగా బతికిన ఆఫ్రికన్ల నోళ్ళలో పెరిగాయి. జోయెల్ చాండ్లర్ హారిస్ అనే తెల్ల పాత్రికేయుడు 1880లో వాటిని పుస్తకంగా వేశాడు. బలహీనుడు తెలివితో బలవంతుణ్ణి బోల్తా కొట్టించే కథలవి. సింహాన్ని బావి దగ్గరికి తీసుకెళ్ళిన మన పంచతంత్రం కుందేలుకి దగ్గరి చుట్టం. 2023లో అమెరికాలోని రెండు స్ప్లాష్ మౌంటెన్ రైడ్‌లనీ మూసేసినప్పుడు ఈ కుందేలు కూడా వెళ్ళిపోయింది. అది నష్టమే.

అక్కడే ఉన్న జంగిల్ క్రూజ్ అనే మరో పడవ రైడ్ గురించి నాకు ఇంత తర్జనభర్జన లేదు. ఖడ్గమృగానికి భయపడి కర్రెక్కిన బృందంలో తెల్లాయన పైన, నల్ల కూలీలు కింద. రేవు దగ్గర మనిషి తలకాయలు అమ్మే ఆటవికుడు. 2021లో రెండూ పోయాయి, పీడా వదిలింది. ఆ పడవే మన ఏనుగుల్నీ, కాంబోడియా గుడి శిథిలాల్నీ, ఆఫ్రికానీ ఒకే అడవిలో కలిపేసి చూపిస్తుంది. దానికీ నేను ఏళ్ళ తరబడి నవ్వాను.

స్ప్లాష్ మౌంటెన్ స్థానంలో 2024లో వచ్చిన, డిస్నీ యువరాణి టియానా పేరున్న రైడ్ ఎక్కాను. బొమ్మలు అద్భుతం, కథ పలచన. పాతదాంట్లో కుందేల్ని ముళ్ళపొదలోకి విసిరేయడమే చివరి 50 అడుగుల జారుడు. భయానికి కథలో కారణం ఉండేది. ఇప్పుడు పండగకి వాయిద్యగాళ్ళని వెతుకుతూ వెళ్ళి ఎందుకు పడిపోతున్నామో మనసుకి పట్టదు. మార్చడం న్యాయమే, మార్చింది మాత్రం పాతదాని సాటికి రాలేదు. 2017లో అయితే రెండో మాటని పట్టుకుని మొదటిదాన్ని కొట్టేసేవాణ్ణి.

2018లో ఎర్రజుట్టు అమ్మాయి రెడ్ అనే సముద్రపు దొంగ అయింది. ఇప్పుడు వేలం వేసేది ఊళ్ళో దోచుకున్న సొమ్ముని. అది బాగానే కుదిరింది. నాకు నచ్చనిది ఒకటే. పాత ఘట్టం అక్కడ యాభై ఏళ్ళు నడిచిందని ఇప్పుడు పడవెక్కే పిల్లలకి తెలిసే దారి లేదు. అదే పార్కు మెయిన్ స్ట్రీట్‌లోని ఒపేరా హౌస్‌లో బానిసత్వాన్ని రద్దు చేసిన లింకన్ బొమ్మ చేత 1965లో ప్రసంగం చెప్పించడం మొదలుపెట్టారు. ఆ తర్వాత రెండేళ్ళకే కాస్త దూరంలో మనుషుల వేలం, నవ్వుకోవడానికి. ఆ ఒపేరా హౌస్ ముందు గదిలో పాత వేలం బొమ్మల్ని తాడుతో సహా పెట్టి, ఎప్పుడు పెట్టారో, ఎప్పుడు తీశారో, ఎందుకు తీశారో నాలుగు లైన్లు రాయించాలని డిస్నీవాళ్ళని అడుగుతున్నాను.